సినిమా టికెట్టు, సర్టిఫికెట్టు: హోండా కథలో మనకు చెప్పని సగం



మన హాస్టల్ వార్షికోత్సవం రోజున మూడు సంగతులు తప్పకుండా జరుగుతాయి. మెస్సులో కూర బాగుంటుంది. పాత విద్యార్థులు బండ్ల మీద వచ్చి వేపచెట్టు కింద వరసగా నిలబెడతారు. సాయంత్రం సభలో ముఖ్య అతిథిగారు ఒక గొప్పవాడి కథ చెప్తారు. కథలో పేరు మారుతుంది గానీ నడక మారదు. పేదవాడు, ఓడిపోయాడు, మళ్ళీ ఓడిపోయాడు, చివరికి గెలిచాడు, కాబట్టి మీరూ గెలవండి.

అలా మేము ఎక్కువసార్లు విన్నది హోండా కథ. కమ్మరి కొడుకు. పెద్ద చదువు లేదు. మెకానిక్ షెడ్డులో పనికి కుదిరాడు. కంపెనీ పెట్టి ప్రపంచాన్ని గెలిచాడు. డిప్లొమా కన్నా సినిమా టికెట్టు నయం, టికెట్టు ఉంటే కనీసం హాల్లోకి రానిస్తారు అన్నాడని చెప్పుకుంటారు. అతిథిగారు ఆ మాట చెప్పగానే సభంతా చప్పట్లు. మేమూ కొట్టాం.

సభ అయ్యాక గదిలోకి వచ్చి పడుకున్నప్పుడు మాలో ఒకడు అడిగాడు: "అయితే మనం ఎందుకు చదువుతున్నట్టురా?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు మేమంతా కలిసి వెతుక్కున్న జవాబే ఈ వ్యాసం. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. హోండా కథను మనకు సగమే చెప్తున్నారు. వదిలేసే సగమే మనలాంటి వాళ్ళకు ఎక్కువ అవసరం.

కొలిమి పక్కన పుట్టినవాడు

సోయిచిరో హోండా 1906 నవంబర్ 17న జపాన్‌లో హమామత్సు పట్టణానికి దగ్గరి కోమ్యో అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గిహేయి కమ్మరి. తల్లి మికా నేత పని చేసేది. తండ్రి కొలిమి పనితో పాటు సైకిళ్ళు కూడా బాగుచేసేవాడు. పిల్లవాడికి ఆటబొమ్మలు సుత్తి, పటకారు.

చిన్నప్పుడు వాళ్ళ ఊరికి మొదటిసారి ఒక మోటారు కారు వచ్చిందట. పిల్లవాడు దాని వెనకాలే పరుగెత్తాడు. అది ఆగిన చోట నేల మీద కారిన ఆయిలును ముక్కు పెట్టి వాసన చూశాడు. 1917లో హమామత్సులో ఒక అమెరికన్ విమానం నడిపి చూపిస్తున్నాడని విని, ఇంట్లో చెప్పకుండా తండ్రి సైకిల్ తీసుకుని పోయాడు. లోపలికి వెళ్ళడానికి డబ్బు చాలలేదు. చెట్టెక్కి చూశాడు. బయోస్కోపు గోడెక్కి చూసిన మన తాతలకూ, చెట్టెక్కి విమానం చూసిన ఆ పిల్లవాడికీ పెద్ద తేడా లేదు.

తేడా ఎక్కడుందంటే, ఆ పిల్లవాడి కొలిమి పని అతనికి తలవంపు కాలేదు. మన దేశంలో పనిముట్టు పట్టిన కులానికి పుస్తకం అందనివ్వలేదు. పుస్తకం పట్టిన కులం పనిముట్టును ముట్టుకోలేదు. తోలు గురించి తెలిసినవాడికి అక్షరం రాదు, అక్షరం తెలిసినవాడికి తోలు అంటరానిది. మన తాతలు డప్పు కట్టారు, చెప్పు కుట్టారు, నాగలి చెక్కారు, ఇనుము కాచారు. అది విద్య అని ఎవరూ అనలేదు. అందుకే మన ఇళ్ళల్లో అమ్మానాన్నలు "ఈ పని మాతోనే పోవాలి, నువ్వు కుర్చీలో కూర్చోవాలి" అంటారు. వాళ్ళ మాటలో తప్పు లేదు. కానీ మనం కుర్చీని గౌరవించడం నేర్చుకున్నంతగా చేతిని గౌరవించడం నేర్చుకోలేదు. హోండా కథలో మనకు మొదటి పాఠం ఇది.

1922లో, పదిహేనేళ్ళ వయసులో, అతను టోక్యోలోని ఆర్ట్ షోకై అనే కార్ల రిపేరు షెడ్డులో పనికి కుదిరాడు. వెంటనే ఇంజన్ మీద చెయ్యి వేయనిచ్చారనుకుంటున్నారా? యజమాని పసిబిడ్డను ఎత్తుకుని ఆడించడం, నేల తుడవడం అతని పని. వీపు మీద బిడ్డ, కళ్ళు ఇంజన్ మీద. పారిపోదామనుకుని కూడా ఆగాడట. నెలల తర్వాత గానీ చేతికి స్పానర్ రాలేదు. 1928లో యజమాని నమ్మి హమామత్సులో అదే పేరుతో షెడ్డు పెట్టుకోనిచ్చాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు.

ఇంతవరకు అతిథిగారు చెప్తారు. ఇక్కడి నుంచి ఒక్క గంతు వేసి పెద్ద ఫ్యాక్టరీ దగ్గరకు పోతారు. మేము అక్కడే ఆగుతున్నాం.

యాభైలో మూడు

బండి పొగ కొడుతుంటే, ఆయిలు తాగుతుంటే మెకానిక్ ఏమంటాడు? "రింగులు పోయాయి" అంటాడు. పిస్టన్ చుట్టూ గాడుల్లో కూర్చునే ఆ సన్నటి ఇనుప చుట్టే పిస్టన్ రింగు. లోపల మండే గ్యాసును బయటికి పోనివ్వదు, గోడలకు అంటిన ఆయిలును గీకి కిందికి పంపుతుంది. చూడటానికి గాజు ముక్కలా ఉంటుంది. చెయ్యడం చాలా కష్టం.

రిపేర్లతో పేరూ డబ్బూ సంపాదించిన హోండా 1930ల మధ్యలో రింగులు తయారు చెయ్యాలనుకున్నాడు. రాత్రింబవళ్ళు పోత పోశాడు. రింగు వస్తుంది, విరిగిపోతుంది. చేతి నైపుణ్యం అంతా పెట్టినా కుదరలేదు. అప్పుడు హమామత్సులోని సాంకేతిక కళాశాలలో ఒక ఆచార్యుడికి తన రింగు చూపించాడు. పరీక్షించి చూస్తే లోహంలో సిలికాన్ చాలలేదని తేలింది. అలాంటిది ఒకటి ఉంటుందనే హోండాకు తెలియదు.

అప్పుడు ఆయన ఏం చేశాడో వినండి. ముప్పై ఏళ్ళ వయసులో, పెళ్ళయినవాడు, పదిమందికి జీతాలిచ్చే యజమాని, వెళ్ళి ఆ కళాశాలలో కుర్రవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. లోహశాస్త్రం విన్నాడు. తనకు కావలసిన పాఠాలు వినడమే తప్ప పరీక్షలు రాయలేదు. పరీక్షలు రాయనివాడికి డిప్లొమా ఇవ్వమన్నారు. ఆ సినిమా టికెట్టు మాట పుట్టింది అక్కడే.

చదివాక రింగు కుదిరింది. కానీ కథ అయిపోలేదు. టొయోటా కంపెనీకి నాణ్యత చూడమని 50 రింగులు ఇస్తే నెగ్గినవి మూడే మూడు. ఒక్క రింగు బాగా చెయ్యడం వేరు, వేల రింగులు ఒకేలా చెయ్యడం వేరు. మళ్ళీ దాదాపు రెండేళ్ళు కళాశాలలూ ఉక్కు కర్మాగారాలూ తిరిగి నేర్చుకుని, ఆ తర్వాతే టొయోటాకు సరుకు ఇవ్వగలిగాడు.

ఇప్పుడు చెప్పండి మిత్రులారా, ఇది చదువు వద్దని చెప్పే కథా? చదువు లేక చేయి ఆగిపోయిన చోట, సిగ్గుపడకుండా మళ్ళీ బడికి పోయిన మనిషి కథ ఇది.

సినిమా టికెట్టు మాట గురించి మా అభిప్రాయం కూడా చెప్పాలి. ఆ మాట అనగలిగినవాడికి అప్పటికే సొంత కంపెనీ ఉంది. ఉద్యోగం కోసం ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. మన రేకు పెట్టెలు తెరిచి చూడండి. బట్టల కింద, ప్లాస్టిక్ కవరులో భద్రంగా ఉండేవి ఏమిటి? టెన్త్ మెమో, టి.సి., కులధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం. ఆ కవరు తడవకుండా వానలో చొక్కా లోపల పెట్టుకుని పరుగెత్తినవాళ్ళం మనం. పొలం లేనివాడికి, మామ చుట్టం ఆఫీసులో లేనివాడికి, పేరు చూడగానే ఊరి ఏ చివర ఇల్లో లెక్కగట్టే సమాజంలో బతికేవాడికి ఆ కాగితమే హాల్లోకి రానిచ్చే టికెట్టు. దాన్ని మనం ఎగతాళి చేయలేం. చేయకూడదు.

అయితే ఆయన మాటలో సగం నిజం కూడా ఉంది. టికెట్టు చేతిలో ఉన్నా సినిమా అర్థం కాకపోతే ఏం లాభం? బట్టీ పట్టి తెచ్చుకున్న డిప్లొమాతో ఇంజన్ ముందు నిలబడితే ఇంజన్ మాట్లాడదు.

మా సీనియర్ ఒకన్న సంగతి చెప్తాం. ఇంటర్ మధ్యలో మానేసి టౌనులో మెకానిక్ షెడ్డులో చేరాడు. "హోండా కూడా ఇలాగే కదరా" అన్నాడు. పని బాగా నేర్చుకున్నాడు. కార్బురేటర్ శబ్దం విని జబ్బు చెప్పేవాడు. 2020 ఏప్రిల్ నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాయి. కొత్త బండ్లలో కార్బురేటర్ పోయి పెట్రోలు కొలిచి చిమ్మే ఇంజెక్షన్, సెన్సార్లు వచ్చాయి. చెవికి చిక్కని జబ్బులు మొదలయ్యాయి. స్కానర్ పెట్టి అది చూపే కోడు చదవాలి, వైరింగు బొమ్మ చదవాలి. అన్న చేయి ఆగిపోయింది. షోరూములో పనికి వెళ్తే ఐ.టి.ఐ. ఉందా అన్నారు. రెండేళ్ళు పోయాయనుకోకుండా మళ్ళీ ఐ.టి.ఐ.లో చేరి పాసయ్యాడు. హోండాకు సిలికాన్ ఎలాగో మా అన్నకు సెన్సార్ అలాగ. నిజంగా హోండా దారిలో నడిచాడంటే షెడ్డులో చేరినప్పుడు కాదు, బడికి తిరిగి వెళ్ళినప్పుడే అని మేము అంటాం.

ఒక్కడి కథ కాదు

యుద్ధకాలంలో అమెరికా బాంబుల వల్ల, 1945 జనవరిలో వచ్చిన భూకంపం వల్ల ఆయన ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. మిగిలినదాన్ని టొయోటా వర్గానికే అమ్మేసి ఒక ఏడాది ఊరికే కూర్చున్నాడు. 1946లో హమామత్సులో చిన్న పాక లాంటి షెడ్డులో మళ్ళీ మొదలుపెట్టాడు. దేశంలో బస్సులు లేవు, తిండి లేదు. జనం బియ్యం కోసం, దుంపల కోసం సైకిళ్ళ మీద పల్లెలకు పోతున్నారు. సైన్యం వైర్‌లెస్ సెట్ల కోసం వాడి పడేసిన చిన్న ఇంజన్ ఒకటి ఆయన కంటబడింది. దాన్ని సైకిల్‌కు బిగించాడు. మొదటి పెట్రోలు ట్యాంకు, వేడినీళ్ళు పోసుకుని పక్కలో పెట్టుకునే డబ్బా. భార్య సాచి ఆ బండిని నడిరోడ్డు మీద నడిపి చూసింది. 1948 సెప్టెంబర్ 24న హోండా మోటార్ కంపెనీ ఏర్పడింది.

సభల్లో వినిపించని పేరు ఒకటి ఇక్కడ చెప్పాలి: తకెయో ఫుజిసావా. 1949లో హోండాతో కలిశాడు. ఇంజన్ హోండాది, డబ్బూ అమ్మకమూ ఫుజిసావావి. 1952లో సైకిల్‌కు బిగించే కబ్ ఇంజన్ తయారైనప్పుడు, జపాన్‌లో ఉన్న 50 వేలకు పైగా సైకిల్ దుకాణాలకు ఆయన ఉత్తరాలు రాయించాడు. "మీ తాతలు సైకిల్ అమ్మడం మొదలుపెట్టినట్టే మీరు ఇంజన్ అమ్మండి" అనే అర్థం వచ్చేలా. 30 వేల దాకా దుకాణాలు ఆసక్తి చూపాయి. మూలనున్న సైకిల్ షాపులే కంపెనీకి అంగళ్ళు అయ్యాయి.

1958 ఆగస్టులో వచ్చిన సూపర్ కబ్ వీళ్ళిద్దరి బిడ్డ. ఫుజిసావా అడిగిందేమిటంటే, హోటల్ నుంచి ఇళ్ళకు సేమియా గిన్నెలు మోసుకెళ్ళే కుర్రవాడు ఒక్క చేత్తో నడపగలిగే బండి. హోండా క్లచ్ లీవర్ తీసేసి, కాలితో గేరు మారిస్తే చాలేలా చేశాడు. 50 సి.సి. నాలుగు స్ట్రోకుల ఇంజన్. చీర లాంటి కిమోనో కట్టుకున్నవాళ్ళు కూడా ఎక్కేలా మధ్యలో ఖాళీ. కాళ్ళ మీద బురద పడకుండా ముందు ప్లాస్టిక్ రేకు. 2017 నాటికి ఆ వరస బండ్లు 10 కోట్లు తయారయ్యాయి. మోటారు వాహనాల్లో ఇంకే మోడలూ ఆ లెక్కకు చేరలేదు. కాలుష్య నిబంధనల వల్ల జపాన్‌లో ఆ 50 సి.సి. బండి తయారీని 2025లో ఆపేశారు గానీ పెద్ద ఇంజన్ కబ్‌లు ఇంకా వస్తున్నాయి.

గొప్ప బండి పుట్టింది రాజు కోసం కాదు, గిన్నెలు మోసే కుర్రవాడి కోసం. ఎవరి అవసరాన్ని చూసి పని మొదలుపెట్టామన్నది ముఖ్యం.

పేరు ఎలా వచ్చింది?

1954లో కంపెనీ అప్పుల్లో మునిగి ఉంది. ఆ ఏడాదే హోండా ఇంగ్లండు దగ్గరి ఐల్ ఆఫ్ మ్యాన్ పందెంలో గెలుస్తామని ప్రకటించాడు. 1959లో మొదటిసారి పోటీపడితే 125 సి.సి. పందెంలో ఆరు, ఏడు, ఎనిమిది స్థానాలు వచ్చాయి. 1961లో 125, 250 రెండింటిలోనూ మొదటి అయిదు స్థానాలూ హోండావే. 1959లో అమెరికాలో దుకాణం తెరిచారు. అక్కడి పొడవాటి రోడ్ల మీద పెద్ద బండ్లకు ఆయిలు కారింది, క్లచ్‌లు పోయాయి. చెడిన బండ్లను జపాన్‌కు తెప్పించుకుని లోపం దిద్ది పంపారు. పేరు నిలబడటానికి పందెంలో కప్పు ఎంత కారణమో, చెడిన బండిని వెనక్కి తెప్పించుకోవడమూ అంతే కారణమని మా అభిప్రాయం.

మన ఊళ్ళల్లో ఈ పేరు ఎలా పాతుకుందో మీకు తెలుసు. లూధియానాలో సైకిళ్ళు చేసే ముంజాల్ కుటుంబపు హీరో సంస్థ 1984లో హోండాతో జతకట్టింది. 1985లో హర్యానాలోని ధారుహేడా నుంచి సి.డి. 100 బండి వచ్చింది. అప్పటి చాలా బండ్లలో పెట్రోలులో ఆయిలు కలిపి పోయాలి. ఇది నాలుగు స్ట్రోకులది, కలపనక్కరలేదు, పెట్రోలు తక్కువ తాగుతుంది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. అదే 1984లో కైనెటిక్‌తో కలిసి బటన్ నొక్కితే స్టార్టయ్యే గేర్లు లేని స్కూటర్ తెచ్చారు. ఆ పొత్తు 1998లో ముగిసింది. హోండా సొంతంగా పెట్టుకున్న సంస్థ 2001లో యాక్టివా తెచ్చింది. హీరో, హోండా విడిపోతున్నట్టు 2010 డిసెంబర్‌లో ప్రకటించారు.

విడిపోయి ఇన్నేళ్ళయినా మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఏ మోటారు సైకిల్‌నైనా "హీరోహోండా" అనే అంటారు. టీచరమ్మ, నర్సమ్మ ఎవరి సాయం లేకుండా స్కూటర్ మీద పల్లెకు రావడం చూసి మా చెల్లెళ్ళు "నేనూ అలా వెళ్తా" అంటున్నారు. పాలేరుగా పనిచేసిన తండ్రి కొడుకు బండి వెనక కూర్చుని, ఒకప్పుడు చెప్పులు చేత పట్టుకుని నడిచిన వీధిలోంచి వెళ్ళడం మాలో కొందరు కళ్ళారా చూశారు. ఆ బండి కంపెనీకి సరుకు. ఆ తండ్రికి మాత్రం సరుకు కన్నా ఎక్కువ.

తప్పు ఒప్పుకున్న మనిషి

హోండా దేవుడు కాదు. మహా కోపిష్ఠి. పనివాళ్ళ మీద అరిచేవాడు, చెయ్యి చేసుకునేవాడు. వాళ్ళు ఆయన్ను పిడుగుతో పోల్చేవారు. షెడ్డుల్లో చెంపదెబ్బలు తిని పని నేర్చుకున్న తమ్ముళ్ళు మనలో ఉన్నారు. "కొడితేనే పని వస్తుంది" అనడానికి హోండాను సాక్ష్యం తెచ్చుకోవద్దు. ఆయన గొప్పతనం ఆ దెబ్బల్లో లేదు.

ఎక్కడుందంటే, 1960ల చివర ఆయన ఇంజన్‌ను గాలితోనే చల్లబరచాలని పట్టుబట్టాడు. చిన్న ఇంజనీర్లు నీటితో చల్లబరిస్తేనే మేలన్నారు. ఆయన వినలేదు. 1968లో ఫ్రాన్సు పందెంలో ఆయన పట్టుబట్టి చేయించిన గాలి ఇంజన్ కారు ప్రమాదంలో జో ష్లెస్సర్ అనే డ్రైవర్ చనిపోయాడు. 1969లో వచ్చిన హెచ్ 1300 కారు ఖరీదైపోయి జనానికి ఎక్కలేదు. చివరికి ఫుజిసావా అడిగాడట: నువ్వు ఈ కంపెనీకి అధ్యక్షుడివా, ఇంజనీరువా, తేల్చుకో అని. హోండా తగ్గాడు. కుర్రవాళ్ళను నీటి దారిలో పోనిచ్చాడు.

ఆ కుర్రవాళ్ళు ఏం చేశారో చూడండి. 1970లో అమెరికా కార్ల పొగలోని విషవాయువులను 90 శాతం తగ్గించాలని చట్టం చేసింది. పెద్ద కంపెనీలు వల్ల కాదన్నాయి. 1972లో హోండా వాళ్ళ సి.వి.సి.సి. ఇంజన్ ఆ పరీక్షలో మొదట నెగ్గింది. ఒకప్పుడు 50 రింగుల్లో 47 వెనక్కి పంపిన టొయోటా, ఆ ఇంజన్ విద్య కోసం హోండాతో ఒప్పందం రాసుకుంది! దీనితో పెద్ద కంపెనీలను కొట్టేస్తామని హోండా సంబరపడితే, కుర్రవాళ్ళు మేము చేసింది కంపెనీ కోసం కాదు, సమాజం కోసం, పిల్లల కోసం అన్నారట. తన కాలం అయిపోయిందని ఆయనకు అప్పుడు అర్థమైంది. 1973లో హోండా, ఫుజిసావా ఇద్దరూ ఒకేసారి తప్పుకున్నారు. కుర్చీని కొడుకులకు అప్పగించలేదు. కుర్చీ దిగని నాయకులను, వారసులను చూసే మనకు ఇది చిన్న విషయం కాదు.

దిగాక ఆయన దేశంలోని తన ఫ్యాక్టరీలు, దుకాణాలు తిరిగి పనివాళ్ళ చేతులు పట్టుకుని కృతజ్ఞత చెప్పాడు. ఒకచోట ఒక మెకానిక్ చేతికి ఆయిలు ఉందని వెనక్కి తీసుకోబోతే, ఆ ఆయిలు చెయ్యే నాకిష్టమని పట్టుకుని వాసన చూశాడట. పల్లెలో కారు వెనక పరుగెత్తిన పిల్లవాడి ముక్కే అది. 1991 ఆగస్టు 5న చనిపోయాడు. కార్లు చేసినవాడి అంత్యక్రియల వల్ల రోడ్లు ఆగిపోకూడదని, కంపెనీ తరఫున పెద్ద అంత్యక్రియలు వద్దని ముందే చెప్పి ఉంచాడు.

మచ్చలు కూడా చెప్పాలి

పొగడ్తతో ఆపేస్తే మేమూ సగం కథే చెప్పినవాళ్ళమవుతాం. 2005 జూలై 25న గుర్గావ్‌లో, యూనియన్ కోసం, తీసేసిన తోటివారి కోసం ఆందోళన చేస్తున్న హోండా స్కూటర్ల ఫ్యాక్టరీ కార్మికులను పోలీసులు చుట్టుముట్టి లాఠీలతో కొట్టారు. వందలమంది గాయపడ్డారు. దేశమంతా టీవీలో చూసింది. లాఠీ పోలీసులది కావచ్చు. కానీ పనివాళ్ళ ఆయిలు చేతిని పట్టుకున్న మనిషి పేరు మీద నడిచే ఫ్యాక్టరీలో గొడవ అంతదాకా ఎందుకు వచ్చింది? ఆ ప్రశ్న కంపెనీని అడగాల్సిందే.

టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగులు పగిలి లోహపు ముక్కలు మనుషుల్లోకి దూసుకుపోయాయి. ఆ ఎయిర్‌బ్యాగులు ఎక్కువగా కొన్నది హోండా. ఇక 2003 నుంచి 2014 దాకా తమ వాహనాల వల్ల చావులు, గాయాలు అయ్యాయని వచ్చిన ఫిర్యాదుల్లో 1,729 ఫిర్యాదులను ప్రభుత్వానికి తెలియజేయనందుకు 2015 జనవరిలో అమెరికా ఆ కంపెనీకి 7 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఒకప్పుడు చెడిన బండిని వెనక్కి తెప్పించుకుని పేరు తెచ్చుకున్న కంపెనీయే ఇది. పేరు తాతలు పెట్టిన ఆస్తి కాదు. రోజూ తీర్చుకోవలసిన బాకీ. తప్పు దాచిన రోజున ఆ బాకీ పెరుగుతుంది.

మనమేం చేయాలి?

మిత్రులారా, ఇంత చెప్పింది ఒక కంపెనీకి ప్రచారం చేయడానికి కాదు. మా అభిప్రాయాలు నాలుగు మాటల్లో చెప్తాం.

ఒకటి. పనిలో చేరాలని ఉన్న తమ్ముళ్ళు చేరండి, తప్పు లేదు. కానీ చదువు వదిలి కాదు. కనీసం ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ అయినా చేతిలో ఉండనివ్వండి. ఇప్పటికే వదిలేసినవాళ్ళు సిగ్గుపడవద్దు. ముప్పై ఏళ్ళ యజమాని బెంచీ మీద కూర్చోగా లేనిది, ఇరవై ఏళ్ళ మనకేం నామోషీ?

రెండు. ఇంజనీరింగ్ సీటు వచ్చినవాడికి దండ వేసి, ఐ.టి.ఐ. సీటు వచ్చినవాణ్ణి పలకరించకుండా పోయే అలవాటు మన హాస్టల్లోనే ఉంది. దాన్ని ఈ ఏడాదితో మానేద్దాం.

మూడు. మన హాస్టల్లో బోరు మోటారు ఆగిపోతే బకెట్లు పట్టుకుని నిలబడతాం, ఫ్యాను తిరగకపోతే చెమటలో పడుకుంటాం. ఒక పనిముట్ల పెట్టె మనకు ఎందుకు ఉండకూడదు? వార్డెన్ గారిని మర్యాదగా అడుగుదాం. పాత విద్యార్థుల్లో ఎలక్ట్రీషియన్లు, మెకానిక్‌లు, ఇంజనీర్లు ఉన్నారు. అన్నలారా! వార్షికోత్సవానికి ఒక్కరోజు వచ్చి శాలువా కప్పించుకుని వెళ్ళడం కాదు. నెలకొక ఆదివారం వచ్చి, మీరు పెట్టిన బండినే విప్పి చూపించండి. మేము మళ్ళీ బిగిస్తాం. ఒక నట్టు మిగిలితే క్షమించండి.

నాలుగు. వచ్చే ఏడాది వేదిక మీద హోండా కథ చెప్పే పెద్దలకు ఒక విన్నపం. చెట్టెక్కిన పిల్లవాడి గురించి చెప్పండి, సంతోషం. దానితో పాటు బెంచీ మీద కూర్చున్న ముప్పై ఏళ్ళ మనిషి గురించి, వెనక్కి వచ్చిన 47 రింగుల గురించి, ఉత్తరాలు రాయించిన ఫుజిసావా గురించి కూడా చెప్పండి. అప్పుడు కొట్టే చప్పట్లు మనస్ఫూర్తిగా కొడతాం.

ఆ రాత్రి "మనం ఎందుకు చదువుతున్నట్టురా" అని అడిగిన మా మిత్రుడు ఇప్పుడు డీజిల్ మెకానిక్ ట్రేడులో ఉన్నాడు. ఈ వ్యాసం చదివి వినిపిస్తే ఒకే మాట అన్నాడు: "టికెట్టు కొనుక్కుందాం, సినిమా కూడా చూద్దాం."

మా అందరి మాటా అదే.